కొబ్బరి పాల ఖౌస్వే: ఒకే కుండ, ఎవరి పథ్యం వారిది

గృహిణికి నిత్యం ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. ఇంట్లో ఒకరికి రక్తపోటు, ఒకరికి మధుమేహం, ఇంకొకరికి పుల్లని త్రేనుపులు, ఎదిగే పిల్లలకు తీరని ఆకలి. ఒకరికి హితమైనది మరొకరికి అహితం. నలుగురికి నాలుగు వంటలు చేయడానికి ఓపికా చాలదు, వేళా చాలదు. అందరికీ కలిపి చప్పిడి కూడు ఒకటే వండితే ఎవరూ తృప్తిగా తినరు. ఈ చిక్కుకు మా ఇంట్లో దారి చూపినది బర్మా దేశపు వంటకమొకటి. దాని పేరు ఓన్‌నో ఖౌస్వే. బర్మా భాషలో ‘ఓన్’ అంటే కొబ్బరి, ‘నో’ అంటే పాలు, ‘ఖౌస్వే’ అంటే నూడిల్స్. ఉడికించిన నూడిల్స్ మీద కొబ్బరి పాలు, శనగపిండి కలిపి కాచిన కోడికూర పులుసు పోసి, ఆపైన ఎవరికి కావలసిన సంభారాలు వారు చల్లుకొని తినడం దీని పద్ధతి.

మా అత్తగారు పదమూడేళ్ల వయసులో, 1965లో, తల్లిదండ్రులతో రంగూన్ నుండి ఓడపై విశాఖపట్నం చేరుకున్నారు. ఆ కుటుంబం వెంట తెచ్చుకున్న సామాను బహు స్వల్పం. కాని ఈ వంట మాత్రం వారి చేతిలో ఉండిపోయింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుండి ఆదివారం ఉదయం మా ఇంట ఖౌస్వే తప్పేది కాదు. నాలుగేళ్ల క్రితం ఆమెకు మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నట్లు తేలింది. అన్నం తగ్గించమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, కొబ్బరి మానివేయమన్నారు. అత్తగారు మారుమాట లేకుండా అన్నీ మానివేశారు. ఆదివారం వంట ఆగిపోయింది. రెండు నెలలు గడిచేసరికి ఆమెకు అన్నం మీదే అరుచి కలిగింది. కంచం ముందు కూర్చోవడం, రెండు ముద్దలు తిని లేవడం. మందులు వేళకు వేసుకుంటున్నా మనిషి చిక్కిపోసాగింది. పథ్యం పేరిట ఆకలినే పోగొట్టుకుంటే ఆ పథ్యం వల్ల ప్రయోజనమేమిటి? అప్పుడు నేను ఈ వంటకాన్ని విడదీసి, ఒక్కొక్క పదార్థాన్నీ పరిశీలించి, ఎవరికి ఏది ఎంత అన్న లెక్క కట్టుకున్నాను. ఆ లెక్కనే పాఠక సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

తెలుగువారికి చుట్టరికం ఉన్న వంట

బర్మా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా ఉండేది. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి వేలాది తెలుగువారు రంగూన్ వెళ్లి ఓడరేవులోను, ధాన్యపు మిల్లులలోను పనిచేశారు. కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడ తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు, అనేకులు కాలినడకనే, తిరిగి వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడి, 1964లో దుకాణాలను జాతీయం చేసిన తరువాత మరొక విడత వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు, చెన్నైలోని బర్మా బజారు ఆ రాకకు గుర్తులు. చెన్నై వీథులలో నేటికీ అమ్మే ‘అత్తో’ అనే నూడిల్స్ కూడా ఆ విధంగా వచ్చినదే. బర్మా పేరు 1989లో మయన్మార్‌గాను, రంగూన్ పేరు యాంగోన్‌గాను మారినా, మా ఇంట్లో ఆ మాటలు మారలేదు.

బర్మాలో ఖౌస్వేను ఎక్కువగా ఉదయపు ఆహారంగా తింటారు. థాయ్‌లాండ్ ఉత్తర ప్రాంతమైన చియాంగ్‌మై నగరంలో ప్రసిద్ధమైన ‘ఖావ్ సోయ్’ దీనికి దగ్గరి బంధువు. అయితే బర్మా వంటలో పులుసును చిక్కబరచేది శనగపిండి. అది మన వంటింటి సరుకే. నిజానికి నూడిల్స్ ఒక్కటి తప్ప ఇందులో మనకు కొత్తదంటూ ఏదీ లేదు.

చరకుడు చెప్పిన ఎనిమిది విషయాలు

ఆహారం హితమా అహితమా అన్నది పదార్థాన్ని బట్టి మాత్రమే తేలదని చరక సంహిత విమానస్థానం చెబుతున్నది. ఎనిమిది విషయాలు చూడాలి. పదార్థపు సహజ గుణం ప్రకృతి. దానిని వండి మార్చే సంస్కారం కరణం. ఇతర పదార్థాలతో కలయిక సంయోగం. పరిమాణం రాశి. పండిన చోటు, తినేవారి చోటు దేశం. ఋతువు, వేళ, రోగావస్థ కాలం. తినే నియమం ఉపయోగసంస్థ. చివరిది, తినే మనిషి, ఉపయోక్త. ఈ ఎనిమిదింటిలో మొదటి రెండు మూడు వండేవారి చేతిలో ఉంటాయి. రాశి, నియమం తినేవారి చేతిలో ఉంటాయి. ఖౌస్వేలో పులుసు, నూడిల్స్, సంభారాలు వేర్వేరు గిన్నెలలో వడ్డిస్తారు కనుక ఈ విభజన సులభంగా కుదురుతుంది. ఈ సదుపాయం సాంబారన్నానికి గాని, బిర్యానీకి గాని లేదు.

పదార్థాల గుణదోషాలు

కొబ్బరి: భావప్రకాశం నారికేళ ఫలాన్ని శీతలమనీ, బలకరమనీ, శరీరాన్ని పుష్టి పరచేదనీ, మూత్రాశయాన్ని శుద్ధి చేసేదనీ, వాతపిత్తాలను, ఒళ్లు మంటలను తగ్గించేదనీ వర్ణించింది. అదే గ్రంథం దానిని దుర్జరమని, అంటే ఆలస్యంగా జీర్ణమయ్యేదని కూడా హెచ్చరించింది. ఆధునిక శాస్త్రం చెప్పేదీ దీనికి దూరంగా లేదు. చిక్కని కొబ్బరి పాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల కొవ్వు ఉంటుంది. కొబ్బరి కొవ్వులో పదింట తొమ్మిది వంతులు సంతృప్త కొవ్వే. రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు దీనిని మితంగా వాడాలనడానికి కారణమిదే.

శనగపిండి: శనగలు శీతలం, రూక్షం, లఘువు. కఫపిత్తాలను తగ్గిస్తాయి గాని వాతాన్ని పెంచుతాయి, కడుపు బిగబట్టిస్తాయి. కొబ్బరి స్నిగ్ధం, శనగ రూక్షం. ఒకదాని జిడ్డును మరొకటి సరిచేస్తుంది. కాని రెండూ శీతలమే, రెండూ కడుపు ఉబ్బరానికి కారణం కాగలవే. కనుకనే వీటికి ఉష్ణమైన తోడు కావలసి వచ్చింది.

అల్లం, వెల్లుల్లి, పసుపు: ఆ తోడు ఇవే. అల్లం జఠరాగ్నిని రగిలించి ఆమాన్ని పచనం చేస్తుంది. వెల్లుల్లి వాతహరాలలో శ్రేష్ఠమైనది. ఆరు రుచులలో ఒక్క పులుపు తప్ప మిగిలిన అయిదూ అందులో ఉన్నాయి కనుక, ఒక రసం తక్కువైనదని దానికి ‘రసోన’మనే పేరు వచ్చింది. ఆ లోపించిన పులుపును ఖౌస్వేలో చివర పిండే నిమ్మరసం తీరుస్తుంది. వెల్లుల్లి సేవించేవారికి మాంసం, పులుపు హితమనీ, పాలు, బెల్లం, అధికమైన నీరు, ఎండ, కోపం వర్జ్యమనీ భావప్రకాశం చెప్పింది. బర్మా గృహిణి ఆ గ్రంథం చదివి వండలేదు. అయినా వెల్లుల్లి, మాంసం, నిమ్మపులుపు ఒకచోట చేరాయి.

కోడిమాంసం: స్నిగ్ధం, ఉష్ణం, వాతహరం, బలకరం. చిక్కిపోయినవారికి మేలు చేస్తుంది.

గోధుమ: గోధుమ గురువు, స్నిగ్ధం, బలకరం, వాతపిత్తహరం, కఫవర్ధకం. కాని బజారులో దొరికే నూడిల్స్ చాలావరకు మైదాతో చేసినవి. పొట్టు, అంకురం తొలగిన పిండికి గోధుమ గుణాలన్నీ ఉంటాయని భావించరాదు. పీచు లేని ఆ పిండి త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. మసాలా పొట్లంతో వచ్చే రెండు నిమిషాల నూడిల్స్ ఈ వంటకు తగవు. వాటిని సాధారణంగా నూనెలో వేయించి ఆరబెడతారు, ఆ పొట్లంలో ఉప్పూ అధికమే.

పాలు పోయరాదు: నేను చేసిన పొరపాటు

కొబ్బరి తింటే రక్తపోటు పెరుగుతుందనే నమ్మకం బర్మా ప్రజలలో చాలామందికి ఉన్నది. అందువలన కొందరు కొబ్బరి పాలకు బదులు చిక్కగా కాచిన ఆవుపాలు పోసి ఈ వంట చేస్తారు. అత్తగారి ఆరోగ్యం దృష్ట్యా నేనూ మొదట అదే చేశాను. పొయ్యి మీద ఉన్నంతసేపూ బాగానే ఉన్నది. గిన్నెలో నిమ్మకాయ పిండగానే పాలు విరిగి పులుసంతా పలుకులు పలుకులుగా తేలింది. పారబోయడం ఇష్టంలేక అందరం తిన్నాము. ఆ రాత్రి మా వారికి కడుపులో మంట, పిల్లవాడికి విరేచనాలు. అత్తగారు ఒక్క మాటా అనలేదు. గిన్నె మాత్రం పక్కకు జరిపారు.

మరునాడు మా నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. వారు ఆయుర్వేద వైద్యులు. “పాలు, చేపల రసం, వెల్లుల్లి, నిమ్మపులుపు ఒకే గిన్నెలో కలిపావా తల్లీ! విరుద్ధాహారమంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కరలేదు” అన్నారు. పాలతో చేపలు, పాలతో పులుపు, వెల్లుల్లి ముల్లంగి తిన్న వెంటనే పాలు కూడదని చరక సంహిత సూత్రస్థానం స్పష్టంగా చెబుతున్నది. ఒక్క భోజనంతో మహారోగాలు వస్తాయని నేను అనను. కాని తరచు వాడితే దోషాలు ప్రకోపిస్తాయని, చర్మవ్యాధులకు దారితీస్తుందని శాస్త్ర హెచ్చరిక. కొబ్బరి పాలు పేరుకు పాలే గాని జంతువు పాలు కావు. పండు నుండి పిండిన రసం. ఈ నిషేధం దానికి వర్తించదు. కనుక కొవ్వు తగ్గించదలచినవారు కొబ్బరి పాలను పలుచన చేసుకోవాలి గాని వాటి స్థానంలో ఆవుపాలు, గేదెపాలు, మీగడ పోయరాదు. శాస్త్రం మాట అటుంచినా, విరిగిన పులుసును ఎవరు తింటారు?

కావలసిన పదార్థాలు (అయిదుగురికి)

నూడిల్స్ 350 గ్రాములు. ఎముకలేని కోడిమాంసం అరకిలో. మధ్యరకం కొబ్బరికాయలు 2. శనగపిండి 4 పెద్ద చెంచాలు. ఉల్లిపాయలు 4. వెల్లుల్లి రెబ్బలు 8. అల్లం రెండంగుళాల ముక్క. పసుపు అర టీ చెంచా. మిరప్పొడి ఒకటిన్నర టీ చెంచా. వేరుశనగ నూనె 3 పెద్ద చెంచాలు. ఉప్పు తగినంత.

పైన వేసుకొనడానికి: ఉడికించిన కోడిగుడ్లు, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మచెక్కలు, వేయించిన వెల్లుల్లి, నూనెలో వేయించిన ఎండుమిరప పలుకులు, నూనెలో కరకరలాడేట్లు వేయించిన గుప్పెడు నూడిల్స్.

బర్మా వంటలో ఉప్పుతో పాటు చేపలను ఉప్పులో మాగవేసి తీసిన రసం వాడతారు. ఇది తప్పనిసరి కాదు. ఒక పెద్ద చెంచా చేపల రసంలో 3 గ్రాములకు మించిన ఉప్పు ఉంటుంది. రోజు మొత్తం మీద మనిషికి 5 గ్రాములకు తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కనుక ఈ రసాన్ని కుండలో పోయక, కావలసినవారు తమ గిన్నెలో పావు టీ చెంచా వేసుకొనేట్లు బల్లపై ఉంచితే మేలు.

తయారుచేయు విధానం

మొదట కొబ్బరి కోరి, గ్లాసున్నర గోరువెచ్చని నీటితో రుబ్బి, పలుచని గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. ఇది చిక్కని పాలు. దీనిని వేరుగా ఉంచాలి. మిగిలిన పిప్పిలో మరి మూడు గ్లాసుల నీరు పోసి మళ్లీ రుబ్బి పిండాలి. ఇది పలుచని పాలు. ఈ రెంటినీ కలపరాదు. ఈ వంటలోని కీలకం ఇక్కడే ఉన్నది.

కోడిమాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, కొద్దిగా ఉప్పు, పసుపు పట్టించి పావుగంట ఉంచాలి. శనగపిండిని నూనె లేకుండా చిన్న సెగపై కమ్మని వాసన వచ్చేవరకు, నాలుగైదు నిమిషాలు వేయించి దించాలి. రంగు మాడరాదు. ఇలా వేయించడం వలన పిండి తేలికగా జీర్ణమవుతుంది, పచ్చివాసన ఉండదు. చరకుడు చెప్పిన కరణమంటే ఇదే. చల్లారిన పిండిని గ్లాసున్నర చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి వడగట్టుకోవాలి. వేడినీటిలో కలిపితే తప్పక ఉండ కడుతుంది.

రెండు ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి కలిపి మెత్తగా రుబ్బాలి. మందపాటి గిన్నెలో నూనె కాచి పసుపు, మిరప్పొడి వేసి, మాడకముందే ఈ ముద్ద వేసి, మధ్యరకం సెగపై పచ్చివాసన పోయి నూనె పైకి తేలేవరకు వేయించాలి. బర్మావారు ఈ స్థితిని ‘సీ ప్యాన్’ అంటారు. నూనె తిరిగి వచ్చుట అని అర్థం. మన ఇళ్లలో పెద్దవారు ‘నూనె తేలాలి’ అనే మాటకూ దీనికీ తేడా లేదు. ఇక్కడ తొందరపడితే పులుసు ఎంత కాచినా ఉల్లి పచ్చివాసన వదలదు.

ఇప్పుడు మాంసం వేసి అయిదు నిమిషాలు కలిపి, పలుచని కొబ్బరి పాలు, రెండు గ్లాసుల నీరు పోసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు ఉడికించాలి. ముక్క మెత్తబడిన తరువాత శనగపిండి నీటిని సన్నని ధారగా పోస్తూ, రెండవ చేతితో కలుపుతూ ఉండాలి. మిగిలిన ఉల్లిపాయలలో ఒకదానిని నాలుగు చెక్కలుగా కోసి వేయాలి. చిన్న సెగపై పావుగంట కాగనివ్వాలి. పిండి ఉబ్బి పులుసు గరిటెకు పలుచగా అంటుకొనే చిక్కదనం వస్తుంది. అడుగంటకుండా చూసుకోవాలి. చివరగా చిక్కని పాలు పోసి, అంచులలో చిన్న బుడగలు రాగానే దించాలి. తెర్లకాగనిస్తే పాలలోని నూనె, నీరు విడిపోతాయి. అప్పటికే చేరిన శనగపిండి వాటిని కొంతవరకు పట్టి ఉంచుతుంది గాని అధికమైన సెగకు అదీ నిలువదు. నిమ్మరసం ఎన్నడూ పొయ్యిమీద పిండరాదు.

నూడిల్స్‌ను వేరే గిన్నెలో మరిగే నీటిలో ఉడికించి, వార్చి, చల్లని నీటితో ఒకసారి కడిగి, రెండు చుక్కల నూనె రాసి ఉంచాలి. నాలుగవ ఉల్లిపాయను సన్నగా తరిగి చల్లని నీటిలో పది నిమిషాలు నానవేసి పిండితే ఘాటు తగ్గుతుంది.

వడ్డన ఇలా: లోతైన గిన్నెలో నూడిల్స్, పైన వేడి పులుసు, గుడ్డు ముక్కలు, ఉల్లి, కొత్తిమీర, కరకరలాడే నూడిల్స్, చివర నిమ్మచెక్క.

ఎవరు ఏ విధంగా తినాలి

వాత ప్రకృతి గలవారు: శనగ వీరికి శత్రువు. కుండలో శనగపిండి నాలుగు చెంచాలకు బదులు రెండు చెంచాలు చాలును. అల్లం కాస్త పెంచి, వాము చిటికెడు చేర్చితే ఉబ్బరం ఉండదు. పచ్చి ఉల్లి మాని, వేయించిన వెల్లుల్లి వేసుకోవచ్చును. వేడిగా మాత్రమే తినాలి.

పిత్త ప్రకృతి గలవారు, పుల్లని త్రేనుపులు ఉన్నవారు: కొబ్బరి వీరికి మేలు చేస్తుంది, మిరప కీడు చేస్తుంది. కుండలో మిరప్పొడి అర టీ చెంచాకు తగ్గించి, కారం కావలసినవారికి మిరప పలుకులు విడిగా ఇవ్వాలి. నిమ్మ నాలుగు చుక్కలకు మించరాదు. కొత్తిమీర ధారాళంగా వేసుకోవచ్చును.

కఫ ప్రకృతి గలవారు, స్థూలకాయులు: చిక్కని పాలు పోయకముందే వీరి గిన్నెకు పులుసు తీసి ఉంచాలి. మిరియాల పొడి, నిమ్మరసం చేర్చి, నూడిల్స్ సగం తగ్గించి తినాలి. వేయించిన సంభారాలు వీరికి వలదు.

మధుమేహం ఉన్నవారు: కీడు ప్రధానంగా నూడిల్స్‌లో ఉన్నది. గిన్నెలో వాటిని అరకప్పుకు పరిమితం చేసి, మిగిలిన చోటు ఉడికించిన క్యాబేజీ, బీన్స్, సొరకాయ ముక్కలతో నింపి, ఒక గుడ్డు, నాలుగు మాంసపు ముక్కలు వేసుకోవాలి. శనగపిండి చక్కెరను నెమ్మదిగా విడుదల చేస్తుంది గనుక పులుసు చిక్కదనానికి భయపడనక్కరలేదు. మొదటిసారి తిన్న రెండు గంటల తరువాత రక్తపరీక్ష చేసుకొని చూస్తే తమ శరీరం ఎంత భరించగలదో తెలుస్తుంది. మందులు తమంత తాము తగ్గించుకోరాదు.

రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు: చేపల రసం, సోయా రసం మానాలి. కుండలో ఉప్పు సగమే వేసి, నిమ్మపులుపుతో రుచి పూరించుకోవాలి. చిక్కని పాలు కలపని పులుసు తీసుకొని, రుచికి ఒకటి రెండు చెంచాల చిక్కని పాలు మాత్రం కలుపుకోవాలి. పదిహేను రోజులకొకసారి చాలును.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు: కొబ్బరి పాలు, శనగలలో పొటాషియం ఉంటుంది. వైద్యుని అడగకుండా తినరాదు.

పిల్లలు, చిక్కిపోయినవారు, వ్యాధి నుండి కోలుకొన్నవారు: మంచి ఆకలి ఉంటే చిక్కని పులుసుతో పూర్తిగా తినవచ్చును. జ్వరం, విరేచనాలు, నాలుకపై తెల్లని పూత ఉన్నప్పుడు మాత్రం పెట్టరాదు. అప్పుడు గంజి, జావ మాత్రమే పథ్యం.

గోధుమ పడనివారు బియ్యపు నూడిల్స్ వాడుకోవచ్చును. దొరకనిచోట, తడిపి ఉడికించిన బియ్యప్పిండిని జంతికల గొట్టంలో సన్న రంధ్రాల బిళ్లతో ఒత్తి, ఆవిరిపై ఉడికించుకుంటే సరిపోతుంది. మైదా మానదలచినవారికి రాగి సేమ్యా ఉన్నది. అది ఎక్కువసేపు ఉడికితే ముద్ద కడుతుంది, జాగ్రత్త. రాగి సేమ్యా చాలావాటిలో గోధుమ కూడా కలుస్తుంది గనుక గోధుమ పడనివారు పొట్లంపై చదివి కొనాలి.

శాకాహారులకు

మాంసానికి బదులు పావుకిలో పుట్టగొడుగులు, లేత సొరకాయ ముక్కలు వేయవచ్చును. రెండూ నీరు వదులుతాయి కనుక కుండలో పోసే నీరు ఒక గ్లాసు తగ్గించాలి. గుడ్డుకు బదులు నానబెట్టి ఉడికించిన పెద్ద శనగలు గుప్పెడు చల్లుకోవచ్చును. పనీరు మాత్రం వేయరాదు. అది పాల పదార్థమే గదా. ఉల్లి వెల్లుల్లి తినని ఇళ్లలో అల్లం రెట్టింపు చేసి, జీలకర్ర, ఇంగువ పోపుతో చేసుకోవచ్చును. రుచి వేరు, అయినా హితమే. కరకరలాడే నూడిల్స్ స్థానంలో మన పప్పుచెక్కలు నలిపి వేసుకుంటే ఎంతో బాగుంటుంది. బర్మాలోనూ పప్పుతో చేసిన చెక్కల వంటివి ఇటువంటి పులుసులలో తుంచి వేసుకోవడం వాడుక.

వేళ, పరిమాణం, జాగ్రత్తలు

గురువైన ఆహారాన్ని సగం తృప్తి వరకే తినాలని చరకుని ఉపదేశం. ఖౌస్వే గురువైనది. బర్మావారి వలె ఉదయం గాని, మధ్యాహ్నం గాని తినాలి. రాత్రి భోజనంగా తగదు. చలికాలంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది గనుక హేమంత శిశిరాలు దీనికి అనుకూలం. వానాకాలంలో అగ్ని మందగిస్తుంది, అప్పుడు పలుచగా చేసుకోవాలి. తిన్నవెంటనే చల్లని నీరు, ఐస్‌క్రీములు, పాలు, పెరుగు వద్దు. గోరువెచ్చని జీలకర్ర నీరు చాలును.

కొబ్బరి పాల వంట త్వరగా పులుస్తుంది. వేసవిలో రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. మిగులుతుందని తోస్తే చిక్కని పాలు కలపకముందే ఆ భాగం తీసి శీతల యంత్రంలో ఉంచి, మరునాడు పూర్తిగా మరగబెట్టి, అప్పుడు తాజా పాలు కలుపుకోవాలి. నూడిల్స్‌ను పులుసులో వేసి ఉంచితే అవి పులుసంతా పీల్చుకొని ముద్దయిపోతాయి.

మా ఇంటి ఆదివారం

మా ఇంట ఖౌస్వే మళ్లీ మొదలైంది, నెలకు రెండు ఆదివారాలు. బల్లపై పన్నెండు చిన్న గిన్నెలు పెడతాము. పిల్లలకు చిక్కని పులుసు, మా వారికి మిరప లేని పులుసు. అత్తగారి గిన్నె అన్నింటికంటె చిన్నది. అందులో నూడిల్స్ అరకప్పు, సొరకాయ ముక్కలు ఎక్కువ, చిక్కని పాలు ఒక్క చెంచా. ఆ హద్దు వైద్యుల అనుమతితో పెట్టుకున్నది. మొదటి ఆదివారం ఆమె నిమ్మచెక్క పిండుకొని, ఒక చెంచా తాగి, “మా అమ్మ ఇంకాస్త ఉప్పు వేసేది” అన్నారు. ఆపైన గిన్నె ఖాళీ చేశారు. ఆనాటి నుండి మామూలు అన్నం మీద కూడా రుచి తిరిగి కలిగింది. మిగిలిన రోజుల పథ్యం ఆమె ఇప్పుడు గొణగకుండా పాటిస్తున్నారు.

పథ్యమంటే ఇష్టమైనవన్నీ వరుసగా నిషేధించడమని చాలామంది భావిస్తారు. ఏ పదార్థం, ఎలా వండినది, దేనితో కలిపినది, ఎంత, ఎప్పుడు, ఎవరికి అని అడిగి చూస్తే చాలా వంటలు పూర్తిగా మానవలసిన అవసరం ఉండదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇష్టమైన వంట ఒకటి మానివేసి కంచం ముందు మౌనంగా కూర్చుంటున్నారేమో గమనించండి. ఆ వంటను ఒకసారి ఈ విధంగా విడదీసి చూడండి.